అమ్మ శోకం, నా ఎనిమిదో పాట

నా ఆల్బమ్ హిట్ అయింది. నేనే చెప్పుకుంటే గొప్పలు పోతున్నట్టుంటుంది గానీ, జహీరాబాద్‌లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. బస్టాండు ముందర షేర్ ఆటో ఎక్కండి, పది నిమిషాల్లో నా పాట వినిపిస్తుంది. పెళ్లి బరాత్‌లో డీజే వాడు మూడోదో నాలుగోదో నాదే వేస్తాడు. చెరుకు ట్రాక్టర్ల మీద, మిర్చీబజ్జీ బండి దగ్గర, మా స్కూల్ వార్షికోత్సవంలో, ఎక్కడ చూసినా అదే. ఆల్బమ్‌లో ఎనిమిది పాటలున్నాయి. జనానికి తెలిసింది ఎనిమిదోది ఒక్కటే. మిగతా ఏడూ నేను రాశాను. ఆ ఎనిమిదోది నేను రాయలేదు. మా అమ్మ ఏడ్చింది.

మా దిక్కు మనిషి పోతే ఆడవాళ్లు ఊరికే ఏడవరు, రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లను వరుస పెట్టి పిలుస్తూ, వాళ్లు తిన్నవీ, తిట్టినవీ, చేసినవీ, చెయ్యకుండా మిగిల్చి పోయినవీ చెప్పుకుంటూ ఏడుస్తారు. దాన్ని శోకం పెట్టడం అంటాం. అది అందరికీ రాదు. మా అమ్మకు వచ్చు. ఆమెకున్నది ఒకటే రాగం, వాళ్లమ్మ నుంచి వచ్చింది. పోయిన మనిషిని బట్టి మాటలు మారేవి, రాగం మారేది కాదు. మా వాడకట్టులో ఎవరు పోయినా ముందు "ఆమెను పిలువుండ్రి" అనేవారు. అమ్మ వెళ్లి, శవం కాళ్ల దగ్గర కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెడితే, అప్పటిదాకా బిగబట్టుకుని నిలబడ్డ కొడుకులు కూడా గోడకు తల ఆనించి ఏడ్చేవాళ్లు. ఆ ఇంటివాళ్లు తర్వాత ఎన్నేళ్లకైనా ఆమె కనిపిస్తే చేతులు పట్టుకునేవాళ్లు.

మా నాన్న అల్లం మూటలు మోసే హమాలీ. ఒక పొద్దున సద్ది కట్టించుకుని పోయిన మనిషిని మధ్యాహ్నానికి దవాఖాన నుంచి శవంగా తెచ్చారు. గుండె ఆగిందన్నారు. అమ్మ ఆయన మొహం చూసింది, అంగీ చూసింది, అంగీ మీద అంటుకున్న అల్లం మన్ను చూసింది. అప్పుడు గొంతెత్తింది.

"పొద్దుగాల పోతనంటివి, పొద్దూకంగ వస్తనంటివి, అంగికంటిన మన్నింకా తడారకపాయె, నన్నిడిసి ఎటు పోతివయ్యో నా రాజా..."

నేను ఆ గదిలోనే ఉన్నాను. కన్నతండ్రి శవం ముందు కూర్చుని ఫోన్‌లో రికార్డింగు నొక్కాను. తెలియక చేశానని చెప్పుకోవచ్చు, నమ్మేవాళ్లు నమ్ముతారు. అబద్ధం. తెలిసే చేశాను. ఏడుస్తూనే చేశాను. పదేళ్లుగా పాటలు కట్టి పాడుతూ, ఒక్కటి కూడా నలుగురి నోట్లో పడక, నాకు దొంగబుద్ధి పట్టుకుంది. ఎక్కడ మంచి రాగం చెవిన పడ్డా చెయ్యి ఫోన్ మీదికి పోయేది. థూ, అదీ ఒక బతుకేనా!

నేను ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచర్ని. పొద్దున ప్రార్థన, పంద్రాగస్టుకు ఒక పాట, ఛబ్బీస్ జనవరికి ఒక పాట, ఏడాదంతా అదే పని. హైదరాబాద్‌లో నాతోపాటు సంగీతం నేర్చుకున్నవాళ్లలో ఇద్దరు మాత్రం పెద్దవాళ్లయ్యారు. ఒకడు సినిమాలకు సంగీతం చేస్తాడు. ఇంకొకామె టీవీలో పాడుతుంటే జనం చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని చూస్తారు. పేర్లు రాయను. అంత ఎత్తుకు వెళ్లాక కూడా నన్ను మరిచిపోని మనుషులు, ఇందులో వాళ్ల మీద నింద పడితే నా కళ్లు పోతాయి. ఒక ఆదివారం ఇద్దరూ కారేసుకుని మా ఇంటికొచ్చి, అమ్మ చేతి జొన్నరొట్టె, కోడికూర తిన్నారు. తింటూ తింటూ వాడే అన్నాడు.

"నీ పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్ చేద్దామే. సంగీతం నేను చేస్తా, ఇది నీతో కలిసి పాడుతుంది. నువ్వు వచ్చి పాడు చాలు."

అమ్మ వాళ్లిద్దరి తలలూ నిమిరి, "మీ కడుపు సల్లగుండ బిడ్డా, దీని గోస సూడలేక సస్తున్న" అంది.

ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి ఏడు పాటలు పాడాను. ఏడోది అయ్యాక వాడు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"అన్నీ బాగున్నాయే," అన్నాడు. "కానీ దారిన పోయే మనిషిని నిలబెట్టి వినిపించేది ఒక్కటీ లేదు. మీ ఊళ్లో పాడుకునేది, నువ్వు చిన్నప్పట్నుంచి విన్నది, ఇంకేమన్నా ఉందా?"

లేదని చెప్పాల్సింది. ఫోన్ తీసి వినిపించాను. స్టూడియోలో మాతోపాటున్న స్నేహితురాలు వింటూనే ఏడ్చేసింది, కాటుకంతా బుగ్గల మీదికి వచ్చింది. వాడు రెండోసారి పెట్టించుకున్నాడు. రెండోసారి వింటున్నప్పుడు వాడి వేలు బల్ల మీద దెబ్బ వెయ్యడం మొదలుపెట్టింది. శోకానికి తాళం ఉండదు. ఊపిరి ఉన్నంతసేపు సాగుతుంది, గొంతు పూడుకుపోతే ఆగుతుంది. వాడు కింద డప్పు పెట్టాడు. అమ్మ ఊపిరి అందక ఆగినచోట వేణువు పెట్టాడు. ఇక మన్ను తీసేసింది ఎవరనుకున్నారు? నేనే. అంగీకి అంటిన మన్ను తీసేసి అత్తరు రాశాను. మొగుడు చచ్చిన ఆడదాని ఏడుపు, ప్రియుడు వదిలేసి వెళ్లిన పిల్ల పాట అయింది. పల్లవి స్నేహితురాలు ఎత్తుకుంది, చరణాలు నేను పాడాను. పాట బాగుంది. నిజంగానే చాలా బాగుంది, ఆ మాట ఇప్పటికీ కాదనలేను.

"మీ అమ్మను అడిగావా?" అంది ఆమె.

"అడిగాను" అన్నాను.

ఇంటికొచ్చి అమ్మకు వినిపించాను. ఆమె పొయ్యి ముందు రొట్టెలు చేస్తోంది. చేతులాపి మొత్తం విన్నది.

"మంచిగనే ఉంది," అంది. "గీ పాట ఎవలు సచ్చినప్పుడు పాడిన్రే?"

"ఎవలు సావలేదమ్మా. ఊకె పాట గది."

"ఎవలు సావకుంటనే శోకం పెట్టిన్రా?"

పెనం మీద రొట్టె మాడుతోంది, ఆమె తిప్పలేదు. "ఇంట్ల పెట్టకు బిడ్డా, మంచిది గాదు" అంది, అంతే. కోపం లేదు, తిట్టలేదు. నాకే కోపం నషాలానికెక్కింది. "పదేండ్లకు ఒక్క పాట మంచిగ వస్తే నీకు అరిష్టమే కనవడ్డదా!" అని అరిచి బయటికి వెళ్లిపోయాను. నన్ను అడగకుండా ఎందుకు తీసుకున్నావని ఆమె అడుగుతుందేమోనన్న భయంతో అరిచానని ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. శాలువాలు కప్పారు, ఫోటోలు దిగారు, మా ప్రిన్సిపాల్ నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టింది. కూరగాయల మార్కెట్లో కొత్తిమీర కట్ట చేతిలో పెట్టి "మన పాటల మేడం" అన్నారు. సంతోషపడ్డాను. పడలేదంటే నోరు పుచ్చిపోతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచాను, ఇంట్లో ఏమవుతోందో చూడలేదు.

వెనక సందులో ఉండే ముసలామె పోయింది. అమ్మను పిలిచారు, వెంట నేనూ వెళ్లాను. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని "ఓ నా వదినో" అని ఎత్తుకుంది. రెండో మాట కూడా కాలేదు, గడప దగ్గర ఆడుకుంటున్న ఆ ముసలామె మునిమనుమరాలు లేచింది. నాలుగేళ్ల పిల్ల. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఫోన్లలో చూసినట్టే కాళ్లు కదుపుతూ ఎగరడం మొదలుపెట్టింది. దానికేం తెలుసు పాపం, ఆ రాగం వినబడితే ఎగరాలని తప్ప! ఎవరో కోడలు ఆపుకోలేక కొంగు చాటున కిసుక్కుమంది. ఇంకెవరో పిల్లను రెక్క పట్టి బయటికి లాక్కెళ్లారు. అమ్మ గొంతు అక్కడే ఆగిపోయింది. కొంగు సర్దుకుని లేచి ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత ఎవరు పోయినా ఆమె వెళ్లలేదు. ఒకసారి వెళ్లినా వాకిట్లో కూర్చుని లేచి వచ్చేసింది. మా వాడకట్టు నోళ్లు ఊరుకుంటాయా? "బిడ్డ పేరు మోగినంక ఆమెకు గీర వచ్చింది. ఇగ ఏడ్వుమంటే గూడ మైకు వెట్టాల్నేమో" అని నల్లా దగ్గర నవ్వుకున్నారు. అమ్మ బిందె నింపుకుంటూ అంతా విన్నది. ఇంటికొచ్చి నాతో ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అప్పుడే పెద్దమ్మకు జబ్బు తేలింది. అమ్మకు సొంత అక్క, న్యాల్‌కల్‌లో ఉంటుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. కడుపులో గడ్డ ముదిరిపోయింది, బీదర్ దవాఖానలో చూపించారు, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మేం చూడబోతే మంచంలో ఇంతే మనిషి ఉంది. అమ్మ చెయ్యి వదలలేదు.

"చెల్లే, నాకు బిడ్డలు లేరు. నన్ను నువ్వే ఏడ్వాలె. మనల గన్న అవ్వ రాగం తీసి ఏడ్వు. గది లేకుంటె నాకు దారి దొర్కది."

"ఊకో అక్కా, గవేం మాటలు. నీకేం గాదు."

"జర మాటియ్యే. ఏడుస్తనని అను."

"ఏడుస్త అక్కా, ఏడుస్త."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మ చాలాసేపు బయటి చేన్లు చూసింది. ఆ తర్వాత, ఇన్నాళ్లలో మొదటిసారి, నా మోచెయ్యి పట్టుకుని చెప్పింది.

"బిడ్డా, నాకు వస్తలేదే."

"ఏందమ్మా?"

"రాగం. నోరు తెరిస్తే ఆ చిన్నపోరి ఎగురుడే కండ్ల ముంగట మెదుల్తుంది. ఎనక నుంచి డప్పు ఇనవడ్తుంది. మా అక్కకు మాటిచ్చిన. ఎట్లనే ఇప్పుడు?"

నా ప్రాణం అక్కడే పోయింది. ఆ పాట అందరిదీ అయింది గానీ, ఎవరి గొంతులోంచి తీశానో ఆ గొంతుకే లేకుండా పోయింది. పెద్దమ్మ పోయేలోపు అమ్మ రాగం అమ్మకు తెచ్చివ్వాలి. ఎలా అన్నది మాత్రం తెలియదు. పిచ్చిదానిలా అయిపోయాను.

మర్నాడే స్కూలుకు సెలవు పెట్టి హైదరాబాద్ పరుగెత్తాను. "ఆ పాట తీసెయ్యిరా, నీ కాళ్లు మొక్కుతా" అని స్టూడియోలో కూలబడ్డాను. వాడు అంతా విన్నాడు.

"అమ్మను అడిగానన్నావు కదే?"

తల ఎత్తలేకపోయాను. వాడు నా కళ్ల ముందే తన ఛానల్లోంచి పాట తీసేశాడు. పల్లవి పాడిన ఆమెకు ఫోన్ చేస్తే, "ఇక నేనెక్కడా పాడను, అమ్మకు చెప్పు" అంది. స్నేహితులు చెయ్యగలిగిందంతా ఆ ఒక్క గంటలో చేశారు. ఊరటగా బస్సెక్కాను. జహీరాబాద్ బస్టాండులో దిగి ఆటోలో కూర్చుంటే ముందర స్పీకర్‌లో అదే పాట, ఎవరో వేగం పెంచి మార్చినది. అలాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు! చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

"బంద్ చెయ్ భయ్యా!" అని అరిచాను.

డ్రైవర్ అద్దంలో నన్ను చూసి గుర్తుపట్టాడు. మొహం వెలిగిపోయింది. "అరే, మేడం! మీ పాటనే కదా, ఆప్ హీ కా గానా!" అని సౌండు ఇంకా పెంచాడు. పాపం, నాకు మర్యాద చేశాననుకున్నాడు. ఇల్లు చేరేదాకా రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాను.

పాతది తిరిగి రాదని తేలిపోయాక నాకు ఇంకో బుద్ధి పుట్టింది. నాకు వచ్చిన విద్య ఒకటే కదా. మూడు రోజులు స్కూలు వదిలాక మ్యూజిక్ గదిలో హార్మోనియం ముందు కూర్చుని, అమ్మ కోసం కొత్త రాగం కట్టాను. ఎక్కడా తాళానికి దొరక్కుండా, ఎవరూ కాళ్లు కదపడానికి వీల్లేకుండా కట్టాను. పెద్దమ్మ చేసిన చాకిరీ, ఆమె తినకుండా దాచి మాకు పెట్టిన బెల్లం ముక్కలు, అన్నీ అందులో పెట్టాను. నాలుగో రోజు పొద్దున, రొట్టెల పిండి కలుపుతున్న అమ్మ ముందు కూర్చున్నాను.

"అమ్మా, జర ఇను. కొత్త రాగం. ఇది ఎవలికీ తెల్వది, నీకొక్కదానికే. నాలుగు సార్లంటె వచ్చేస్తది."

"ఓ నా అక్కో" అని ఎత్తుకున్నాను. చెంప ఛెళ్లుమంది. జొన్నపిండి చేత్తోనే కొట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ కొట్టింది.

"మా అక్క ఇంక పానంతోని ఉంది! బతికున్న మనిషి మీద నాకు ఏడ్సుడు నేర్పుతున్నవా? నీ నోట్లె మన్నువడ!"

మళ్లీ తనే నా మొహం మీది పిండి కొంగుతో తుడిచింది. "రాగం నేర్సుకుంటె రాదే, పిచ్చిదానా," అంది. "ఎవలన్న పోతె లోపట్నుంచి వస్తది. అప్పటికి వస్తదేమో సూద్దాం." ఆ "వస్తదేమో" అన్న మాట పట్టుకుని నేను వారం రోజులు బతికాను.

ఎనిమిదో రోజు పొద్దున న్యాల్‌కల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆటో మాట్లాడుకుని వెళ్లాం. దారి పొడుగునా అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి, గొంతు బయటికి రాలేదు. ఇంటి ముందు ఆడవాళ్లంతా లేచి దారిచ్చారు. "చెల్లె వచ్చింది, చెల్లె వచ్చింది" అన్నారు. అప్పటిదాకా ఎవరూ శోకం ఎత్తలేదు, పుట్టింటి మనిషి రావాలని ఆగారు. అమ్మ వెళ్లి పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుంది. అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"అక్కా" అంది అమ్మ.

మామూలుగా అంది, వాకిట్లోంచి పిలిచినట్టు. కాసేపాగి, "అక్కా, నేనొచ్చిన" అంది. మళ్లీ నోరు తెరిచింది. నేను వెనకే ఉన్నాను, ఆమె వీపు నాకు కనిపిస్తోంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా భుజాలు లేస్తున్నాయి, ఏమీ రాకుండానే దిగిపోతున్నాయి. రావాలి, రావాలి, ఒక్క మాట రావాలి అని నేను పళ్లు బిగించి కూర్చున్నాను. రాలేదు.

"ఏడ్వు చెల్లే, ఏడ్వు. అక్క ఇంటుంది" అని పక్కనున్న ముసలామె వీపు రాసింది. ఎంతకీ రాకపోయేసరికి, అమ్మకు దుఃఖం గొంతులో గడ్డ కట్టిందనుకుని, అక్కడి ఆడవాళ్లే జాలిపడి ఎత్తుకున్నారు. వాళ్లు ఎత్తుకున్నది నా ఆల్బమ్ పాట. "నా రాజా" ఉన్నచోట "నా వదినా" అన్నారు. అత్తరు అలాగే ఉంచారు. డెబ్బై ఏళ్ల ముసలామె శవం మీద "అంగికంటిన అత్తరింకా" అని పాడారు. వేణువు వచ్చేచోట అందరూ ఆగారు, ఒకామె ఆ వేణువును కూడా ముక్కుతో కూనిరాగం తీసింది. ఎవరూ వెటకారం చెయ్యలేదు. నిజంగా ఏడుస్తున్నారు, బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. అమ్మ అంతా విన్నది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు పాడు బిడ్డా. అక్కకు దారి గావాలె. ఎట్లన్న గానీ, నువ్వు పాడు."

"నేనొద్దమ్మా."

"పాడే."

పాడాను. మైకు ముందు వచ్చినట్టే గొంతు వచ్చింది, శ్రుతి ఎక్కడా తప్పలేదు. తప్పి ఉంటే నా మీద నాకు ఇంత అసహ్యం కలిగేది కాదు. ఎవరో ఇద్దరు ఫోన్లు పైకెత్తారు. అత్తరు తీసేసి మన్ను పెట్టాలని చూశాను, అలవాటైన నోరు అత్తరే అన్నది. నేను పాడుతున్నంతసేపూ అమ్మ పెద్దమ్మ పాదాల మీద నుదురు ఆనించి ఉంది. ఆమె కన్నీళ్లు ఆ పాదాల మీదుగా చాప మీదికి కారాయి. చప్పుడు మాత్రం లేదు.

మధ్యాహ్నం అన్నీ అయ్యాక, ఇంటికొచ్చి స్నానాలు చేసి, తడిచీరలు ఆరేస్తున్నాం. అమ్మ చీర కొంగు పిండుతూ, నా వైపు చూడకుండానే అంది.

"మంచిగనే పాడినవ్. అక్కకు దారి దొర్కుతది."

నేను తడిచీర దులిపి దండెం మీద వేశాను.

"నేను పోయిన్నాడు మాత్రం గది పాడకు బిడ్డా. ఊకె ఏడ్వు. నీకు ఎట్లొస్తె అట్ల ఏడ్వు, సాలు."

"సరేనమ్మా" అన్నాను. నాకు వచ్చిన ఏడుపు అదొక్కటేనని ఆమెకు చెప్పలేదు.